జబ్బు లేని కవల: తొమ్మిదో భాగం

చెల్లెలి మీద పితూరీ చెప్పిన చిగుసా, అక్కచెల్లెళ్లిద్దరినీ కలిసి రమ్మని డాక్టరు నుంచి కబురు రాగానే గతుక్కుమంది. పోయిన వారం కథ అక్కడ ఆగింది. మధ్యలో వచ్చి కలిసిన వాళ్ల కోసం నాలుగు మాటలు. చిగుసా, వకానా కవలలు. కనజావా పట్నంలో తల్లి నడిపే మిఠాయి దుకాణం వెనక ఇంట్లోనే పుట్టి పెరిగారు. ఇద్దరిదీ ఒకటే ముఖం, ఒకటే గొంతు. పందొమ్మిదో ఏట వకానాకు బైపోలార్ జబ్బు వచ్చింది. కొన్నాళ్లు పట్టపగ్గాల్లేని పొంగు, ఆ వెనకే మంచం దిగలేని కుంగు. చిగుసాకు ఏమీ రాలేదు. ఒక్క పిండం రెండై పుట్టిన వాళ్లలో ఒకరికి వచ్చి ఇంకొకరికి రాకపోవడం ఏమిటో తేల్చడానికి ఉరానో డాక్టరమ్మ పరిశోధన చేస్తోంది. దానికి ఇద్దరూ నెత్తురిచ్చారు. లిథియం మాత్రలు పడటంతో వకానా కొన్నేళ్లుగా నిలకడగా ఉంది. ఈ శరదృతువులో ఆమెకు పెళ్లి కుదిరింది. కుదిరిన మర్నాడే చిగుసా డాక్టరుకు ఫోన్ చేసి, "మా చెల్లి మళ్లీ పొంగుతోంది" అని చెప్పింది.

అది అబద్ధమని ఆమె అనుకోలేదు. చిక్కంతా అక్కడే ఉంది.

ఆ రోజు ఉదయం నుంచీ ఆకాశం నల్లగా ఉరుముతూనే ఉంది. సముద్రంలో బురి చేపలను లేపే చలికాలపు ఉరుము అది. దుకాణం ముందు గదిలో తల్లి, డాక్టరుకు ఇవ్వడానికి మిఠాయిలు పెట్టెలో సర్దుతోంది.

"నిద్ర పట్టిందా వకానా? మాత్ర వేసుకున్నావా? మెడకు ఆ ఉన్ని గుడ్డ చుట్టుకో తల్లీ, ఈదురుగాలి."

"పట్టిందమ్మా, వేసుకున్నానమ్మా, చుట్టుకున్నానమ్మా," అని ముద్దుగా అప్పజెప్పింది వకానా.

"చిగుసా, ఆ తాడు ఇటందించు."

పదిహేనేళ్లుగా ఆ ఇంట్లో పొద్దు ఇలాగే పొడుస్తోంది. ఒకరికి నిద్ర పట్టిందా అన్న ప్రశ్న, ఇంకొకరికి తాడు అందించమన్న పని. చిగుసా తాడు అందించింది. అద్దాల బల్లలో ఆమె చేసిన కొత్త మిఠాయిలు వరసలు తీరి ఉన్నాయి. చామంతులు, రాలిన మేపుల్ ఆకులు, మంచు పడిన పైన్ కొమ్మలు, ఇంతవరకూ ఆ దుకాణం ఎరగని ఆకారాలు. వాటిని తల్లి ఇప్పుడే చూసినట్టుంది.

"ఇన్ని ఎప్పుడు చేశావే? నిన్న పడుకునేటప్పుడు నువ్వు మిఠాయికి గింజలు నానబెట్టడమే చూశానే!"

"చేతికి వస్తుంటే చేశాను."

"నీ చేతికి కొత్త ప్రాణం వచ్చిందే అమ్మాయ్," అని తల్లి మురిసిపోయింది. మరుక్షణం వాకిటి వైపు తిరిగి, "వకానా, గొడుగు! అన్నం డబ్బా మరిచినా గొడుగు మరవకూడదన్నారు మన ఊళ్లో" అని కేకేసింది.

ఆ మురిపెం చాలలేదు చిగుసాకు. ఈ మధ్య ఏదీ చాలడం లేదు.

బస్సులో వకానా కిటికీ పక్కన కూర్చుని, ఆవ పువ్వు రంగు వానకోటు గుండీలు విప్పుకుంటూ కబుర్లలో పడింది. ఆమె పెళ్లాడబోయే సోహేది పాడి రైతు కుటుంబం. ఊరికి ఉత్తరాన సముద్రం ఒడ్డున మడుగును పూడ్చిన నేలలో వాళ్లకు ఆవుల కొట్టాలున్నాయి.

"మన పని అయ్యేసరికి సోహే వ్యాను తీసుకుని ఆసుపత్రికే వస్తాడట అక్కా. వాళ్లమ్మ చేపల కూర వండుతోందట. నువ్వూ రాకూడదూ?"

"నేనెందుకు, పెళ్లికూతురి వెనక పీటమోయడానికా?"

"అబ్బ, నీతో! విను, మొన్న ఆయనతో అన్నాను, నాకు బాగాలేని రోజులు మళ్లీ రావచ్చు, అన్నీ తెలిసే చేసుకుంటున్నావా అని. ఏమన్నాడో తెలుసా? 'ఆవుకు కూడా పాలివ్వని రోజులుంటాయి. అంతమాత్రాన సంతకు తోలుకుపోతామా?' అన్నాడు." వకానా పకపకా నవ్వింది. "నన్ను ఆవును చేశాడే! నాకు కోపం రావాలి కదా? రాలేదక్కా. ఏడుపొచ్చింది."

చిగుసా నవ్వలేదు. చెల్లెలి నవ్వు కొంచెం ఎక్కువైందా, మాట కొంచెం వేగం పెరిగిందా అని తూకం వేస్తోంది. ఆ తూకం వెనక, ఎప్పుడూ మానని పుండొకటి సలుపుతోంది. ఆమెకూ ఒకప్పుడు సంబంధం కుదిరింది, మియానాగా వాళ్లబ్బాయితో. తాంబూలాల మాటలదాకా వచ్చాక వాళ్లమ్మ క్షమాపణగా ఖరబూజా పండు పట్టుకుని వచ్చి, చాప మీద నుదురు ఆనించి మరీ చెప్పింది: "మీ పెద్దమ్మాయి బంగారం. కానీ కవలలు కదండీ. రక్తం ఒకటే కదండీ." జబ్బు చెల్లెలిది, తెగిపోయిన సంబంధం అక్కది. ఇప్పుడు ఆ జబ్బు మనిషికే, జబ్బని తెలిసి తెలిసి, నవ్వుతూ చేయందించే వాడు దొరికాడు. ఇదెక్కడి న్యాయం? దేవుడి తక్కెడకు రెండు వైపులూ ఉన్నాయా, లేక ఒకటేనా?

ఆసుపత్రి నాలుగో అంతస్తులో ఉరానో డాక్టరు గది. జుట్టు నెరిసిన, మాట పొదుపైన మనిషి. మిఠాయి పెట్టె చూసి మాత్రం ఆమె కళ్లు మెరిశాయి.

"మీ అమ్మగారు ఇలా పంపుతూ ఉంటే నా చక్కెర జబ్బుకు ఇంకో డాక్టరును చూసుకోవాలి. కూర్చోండి. ముందు మీకొకటి చూపించాలి."

తెర మీద రెండు బొమ్మలు పక్కపక్కన తెరుచుకున్నాయి. చీకట్లో మిణుగురుల్లా చిన్న చిన్న వెలుగులు. రెంటిలోనూ అవి గబగబా వెలుగుతున్నాయి, ఆరుతున్నాయి, ఒకదాన్నొకటి తరుముతున్నాయి.

"మీ ఇద్దరి నెత్తురులోంచి తీసిన కణాలను మెల్లిగా మచ్చిక చేసి, నరాల కణాలుగా పెంచాం. ఈ జబ్బున్న కొందరిలో ఇవి ఇలా అవసరానికి మించి హడావుడి పడతాయి. లిథియం చుక్క వేస్తే నెమ్మదిస్తాయి. ఎడమ వైపువి వకానావి."

"పాపం, నా బుర్రలాగే ఉన్నాయి," అంది వకానా. "కుడి వైపువి?"

"చిగుసావి."

చిగుసా తెర దగ్గరికి వంగి చూసింది.

"పొరపాటు పడ్డారేమో," అంది చిగుసా. "సీసాలు తారుమారై ఉంటాయి. నాకు జబ్బు లేదు కదండీ? నా నెత్తురు తీసుకున్నదే అందుకు కదా, జబ్బు లేనిదానికీ ఉన్నదానికీ తేడా చూడ్డానికి?"

"మేమూ అలాగే అనుకుని మళ్లీ మొదటి నుంచీ పెంచి చూశాం. మళ్లీ ఇదే. భయపడకండి. గిన్నెలో కణాలు హడావుడి పడినంత మాత్రాన మనిషికి జబ్బున్నట్టు కాదు. గింజ ఒకటే. ఒకటి మొలిచింది, ఇంకోటి మొలవలేదు. ఎందుకు మొలవలేదన్నది నాకు తెలియదు. తెలిస్తే, రేపు ఇంకెంతమందికో మొలవకుండా ఆపొచ్చు. అందుకే ఈ పనిలో మీరు నాకు ఎంతో ముఖ్యం చిగుసాగారూ."

మరో రోజైతే ఆ మాట చిగుసా చెవుల్లో తేనె పోసినట్టుండేది. ఇన్నేళ్లలో మొదటిసారి ఒకరు ఆమెను ముఖ్యం అన్నారు. కానీ ఆమె చూపు వకానా మీదే ఉంది. వకానా రెండు చేతులతో ముఖం కప్పుకుని ఏడుస్తోంది.

"నాలోనే ఏదో పుచ్చు ఉందనుకున్నాను," అంది వేళ్ల సందుల్లోంచి. "కడుపులో ఉన్నప్పుడు మంచిదంతా అక్కకు పోయి, చెడ్డదంతా నాకు మిగిలిందనుకున్నాను. అలా కాదన్నమాట. ఇద్దరం ఒకటేనన్నమాట."

చిగుసా గుండెలో ఏదో కాలింది. తనకున్నది ఒకే ఒక్క ఆస్తి, జబ్బు లేకపోవడం. చూస్తూ చూస్తుండగానే దాన్నీ చెల్లెలు సగం పంచుకుని, పంచుకున్నందుకు ఆనందబాష్పాలు రాలుస్తోంది!

"సంతోషంగా ఉందా?" అంది చిగుసా. "నాకూ అంటిందని సంతోషమా? డాక్టరుగారూ, చూడండి దీన్ని. ఒక నిమిషం నవ్వు, ఒక నిమిషం ఏడుపు. బస్సు దిగేదాకా నోరు మూయలేదు. నేను ఫోన్లో చెప్పింది నిజమా కాదా మీరే చెప్పండి!"

వకానా చేతులు ముఖం మీంచి దించింది.

"ఫోన్లోనా? ఏం చెప్పావక్కా?"

అప్పటికి గానీ తన నోరు జారిందని చిగుసాకు తెలియలేదు. తెలిసినా ఆగలేకపోయింది. నాలుక ముందు పరుగెత్తుతోంది, మనసు వెనక పడుతోంది.

"ఉన్నదే చెప్పాను. నువ్వు పొంగుతున్నావని చెప్పాను. పెళ్లీ గిళ్లీ ఇప్పుడు వద్దని చెప్పమన్నాను. మందు పెంచమన్నాను. ఒకసారి కాదు, రోజూ చెప్పాను. పొద్దున్నే చెప్పాను, మధ్యాహ్నం చెప్పాను. ఏం, తప్పా? ఒకప్పుడు అర్ధరాత్రి చెప్పుల్లేకుండా మంచులో పరుగెత్తిన నిన్ను వెతికి తెచ్చిందెవరు? దుకాణం మూయించి పక్కన కూర్చున్నదెవరు?"

"నువ్వే," అంది వకానా.

"మియానాగా వాళ్లు ఎవరి మూలాన వెళ్లిపోయారు?"

"నా మూలానే."

"ఊఁ కొట్టకు! నువ్వలా మెత్తగా ఊఁ కొడితే నాకు ఒళ్లు మండుతుంది. నీకు జబ్బు చేస్తే ఇల్లంతా నీ మంచం చుట్టూ. నయమైతే పెళ్లికొడుకు. జబ్బు చేయనందుకు నాకేమిచ్చారు? చెప్పు! పదిహేనేళ్లు ఏ జబ్బూ లేకుండా ఉన్నందుకు నాకు ఎవరేమిచ్చారు?"

"సోహే అంటే నీకు..."

"ఛీ! ఆ పేడ కంపు మనిషి నాకెందుకు? ఆ చూపు కావాలి నాకు. నిన్ను చూసే ఆ చూపు ఒక్కటి, ఒక్కపూట..."

వకానా లేచి వచ్చి అక్క కుర్చీ ముందు నేల మీద కూర్చుంది. ముఖంలో కోపం లేదు. కోపం ఉంటే చిగుసాకు సులువుగా ఉండేది.

"అక్కా, నువ్వు కడుపునిండా నిద్రపోయి ఎన్నాళ్లయింది?"

"ఇప్పుడు నా నిద్ర గొడవెందుకు?"

"గోడ అవతల నీ అడుగులు వింటూనే ఉన్నాను. రాగి మూకుడు చప్పుడు వింటున్నాను. తెల్లవారకముందే అల్మారాలన్నీ దించి తుడవడం వింటున్నాను. ఆ అడుగులు నాకు కొత్త కాదక్కా. జబ్బు వచ్చిన ఏడు నేనూ అలాగే నడిచాను. కాళ్లు నేలకు ఆనేవి కావు. అందరూ నన్నే చిన్నచూపు చూస్తున్నారనిపించేది, అందరికంటే నాకే ఎక్కువ తెలుసనిపించేది. అన్నం సహించేది కాదు, అయినా అలసట ఉండేది కాదు. నీకిప్పుడు అలా లేదూ?"

"నేనింత బాగా ఎప్పుడూ లేను!" అంది చిగుసా. తన గొంతు ఆ చిన్న గదిలో ఎంత పెద్దగా మోగిందో ఆమెకే వినిపించింది.

ఉరానో డాక్టరు కుర్చీ దగ్గరికి జరుపుకుంది.

"ఆ మాట ఈ గదిలో చాలామంది అన్నారు చిగుసాగారూ. వకానా కూడా అంది. అచ్చం ఇదే గొంతుతో."

"అంటే నాకు..."

"జబ్బని నేననను. అంత తొందరగా ఎవరూ అనకూడదు. ఫోన్లో మీరు చెల్లెలి గురించే చెబుతున్నారు, నేను మీ మాట తీరు వింటున్నాను. ఒక మాట మీద నిలవడం లేదు. అందుకే ఇద్దరినీ రమ్మన్నాను. ఈ రోజు ఇక్కడే ఉండండి. ముందు నిద్ర తెప్పిద్దాం. నిద్ర తిరిగొస్తే సగం సంగతులు వాటంతటవే తేలతాయి. నెత్తుటి పరీక్ష కూడా చేద్దాం."

"నాకు ముందే అనుమానమొచ్చింది," అంది వకానా తల వంచుకుని. "చెబితే నువ్వు చిన్నబోతావని ఎవరితోనూ అనలేదు. నువ్వు నా మీద చెప్పగలిగావు. నేను నీ మీద చెప్పలేకపోయాను. నీదే నయమక్కా. నువ్వన్నా ధైర్యం చేశావు." ఆమె అక్క మోకాలి మీద చేయి వేసింది. "పెళ్లి ఆపుతాను. సోహేకి చెబుతాను. నువ్వు తేరుకునే దాకా నీ పక్కనే ఉంటాను. నువ్వు నాకు చేసినట్టే."

ఆపుతాను. ఆ మాట చెవిన పడగానే చిగుసా ఒళ్లంతా పులకరించింది. గెలిచింది! ఇన్నాళ్లకు చెల్లెలి చేతిలోంచి ఒకటి జారింది. ఆ గెలుపు ఊపిరి పీల్చినంత సేపు నిలిచింది. వదిలేసరికి చేదైపోయింది. ఇప్పుడు లోకం ఏమంటుంది? అక్క కోసం పెళ్లే వదులుకుంది, ఎంత మంచి పిల్ల అంటుంది. అమ్మ ఏడుస్తూ చెల్లెలినే కావలించుకుంటుంది. మంచితనం కూడా దానికే దక్కింది. చివరికి జబ్బు చేసినా, చిగుసా వంతు రెండోదే.

"సరే," అంది చల్లగా. "ఉంటాను. మీ ఇష్టం."

డాక్టరు పడక సంగతి చూడటానికి లేచింది. అమ్మకు ఎలా చెప్పాలో అడుగుదామని వకానా ఆమె వెంట వెళ్లింది. "ఇప్పుడే వస్తానక్కా. కదలకు," అని గుమ్మంలో ఆగి మరీ చెప్పింది.

చిగుసా ఒంటరిగా మిగిలింది. తెర మీద ఆ మిణుగురులు ఇంకా వెలిగి ఆరుతూనే ఉన్నాయి. ఏ వైపువి ఎవరివో ఇప్పుడు ఆమెకూ గుర్తు రావడం లేదు. వాటిని చూడలేక లేచింది. తలుపు పక్కన కొయ్యకు రెండు వానకోట్లు వేలాడుతున్నాయి. ఒకటి తనది, ముదురు నీలం. రెండోది ఆవ పువ్వు రంగుది. చేయి ఎందుకు దాని మీదికి వెళ్లిందో అడిగితే ఆమే చెప్పలేకపోయేది. వేసుకుంది. భుజాల దగ్గర, మణికట్టు దగ్గర, కొలిచి కుట్టినట్టు సరిపోయింది. జుట్టు మడిచి కోటు టోపీ కిందికి తోసుకుని వరండాలోకి నడిచింది.

కింది అంతస్తు బల్ల దగ్గర కూర్చున్న నర్సు ఆమెను చూసి లేచి నిలబడింది.

"వకానాగారూ! పెళ్లి కబురు ఇప్పుడే తెలిసిందండీ. మా వాళ్లందరం ఎంత సంబరపడ్డామో! ఎన్ని కష్టాలు పడి వచ్చారు మీరు. ఈ సుఖం మీకు రావలసిందేనండీ."

ఆమె కళ్లలో నిజంగానే తడి ఉంది. చిగుసా ఆ చూపు ముందు నిలబడిపోయింది. చలిలో వచ్చిన మనిషి నిప్పుల కుంపటి ముందు చేతులు చాచినట్టు నిలబడింది. కాదండీ, నేను అక్కనండీ, అనడానికి అరక్షణం పట్టదు. ఆ అరక్షణం దాటిపోయింది.

"థాంక్సండీ," అంది చిగుసా, వకానా నవ్వును ముఖాన తెచ్చుకుని. ఆ నవ్వు ఎలా ఉంటుందో ఆమెకు తెలియనిదా? పుట్టినప్పటి నుంచీ ఎదురుగా చూస్తున్న నవ్వే.

బయట వాన ఏటవాలుగా కొడుతోంది. వాకిట్లో తెల్ల వ్యాను ఆగి ఉంది, చక్రాలకు పచ్చిక బురద. డ్రైవరు సీట్లోంచి సోహే పక్క తలుపు లోపలి నుంచే తోసి తెరిచాడు.

"ముందే వచ్చేశావే! ఎక్కెక్కు, తడుస్తావ్. అమ్మ పొద్దుటి నుంచీ చేప ముందు కాపలా కూర్చుంది, నన్ను కూడా ముట్టనివ్వట్లేదు." తుండు గుడ్డ అందించి, ముందుకు వంగి, వాన నీళ్లు కారుతున్న ఆమె ముఖంలోకి చూశాడు. ఆ చూపు అదే. "నిద్రపోయావా రాత్రి? కళ్లు ఎర్రగా ఉన్నాయి."

చిగుసా ఎక్కింది. తలుపు వేసుకుంది.

"మరి మీ అక్క? ఆమెను కూడా తీసుకొద్దామన్నావుగా."

"రాదు," అంది చిగుసా. "మనం వెళ్దాం."

సోహే ఇంజను ఆడించి వ్యాను గేటు వైపు తిప్పాడు. పక్క అద్దంలో చిగుసాకు ఆసుపత్రి మెట్లు కనిపించాయి. వాటి మీంచి వకానా కోటు లేకుండా, తలకు గుడ్డయినా లేకుండా, ఒక చేయి పైకెత్తి వానలోకి పరుగెత్తుకొస్తోంది. ఏదో అరుస్తోంది. ఆ అరుపును ఉరుము మింగేసింది. సోహే చూపు రోడ్డు మీదే ఉంది.

చిగుసా అద్దం మీంచి కళ్లు తిప్పుకుంది.

"కాస్త తొందరగా పోనీ," అంది.